రెండో లెక్క

నాన్న గొంతు పోయిన రోజు కూడా మామూలుగానే తెల్లవారింది. ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు గడిపిన మనిషి ఆయన. ఇంట్లోనూ అదే ధోరణి. "స్నానానికి వెళ్ళవలసిన బండి ఇంకా మంచం మీదే ఆగి ఉన్నది" అంటూ రోజూ కూతుర్ని నిద్ర లేపేవాడు. ఆ రోజు నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇదేదో కొత్త వేషం అనుకుని కూతురు దుప్పట్లోంచే నవ్వింది.

ఆసుపత్రిలో గొంతులో గడ్డ అన్నారు. స్కాన్ తీసి, వచ్చే వారం రమ్మన్నారు.

కూతురు ఇంజనీరింగులో పైచదువు చదువుతోంది. నీళ్ళూ గాలీ ఎలా ప్రవహిస్తాయో కంప్యూటరులో లెక్కగట్టడం ఆమె పని. మొదట గొట్టాల్లో నీళ్ళు, తర్వాత బండి చుట్టూ గాలి, ఇప్పుడు మనిషి శ్వాసనాళం. తల్లి మాత్రం ఎవరడిగినా "ఏదో పైపుల చదువులెండి" అనేది. పరిశోధనకు నిజమైన గొంతు ఒకటి కావలసివచ్చి, స్కాన్ వాడుకోవచ్చా అని కూతురు తండ్రిని అడిగింది. ఆయన కాగితం మీద రాసి చూపించాడు: "వాడుకో. ఈ గొంతుకి ఇంకో ఉద్యోగం దొరికింది."

ఆ వచ్చే వారం రాకముందే, నిద్రలోనే ఊపిరాడక ఆయన పోయాడు.

నెల దాటాక ఒక ఉదయం తల్లి టీ పట్టుకుని కూతురి గదిలోకి వచ్చింది. తెర మీద వంకర గొట్టం ఒకటి కనిపించింది. మధ్యలో ఒకచోట ఎర్రగా ఉంది.

"ఏంటే అది, పాములా?"

"గొంతమ్మా."

"ఎవరిది?"

కూతురు తెరని పక్కకి తిప్పబోయింది. తల్లి గ్లాసు పుస్తకాల మీదే పెట్టేసింది.

"మీ నాన్నదేనా? ఆ ఎరుపేంటి?"

"అక్కడ దారి బాగా సన్నబడింది. గాలి లాగడానికి చాలా బలం కావాలి."

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పే వీలుంది. కూతురు చెప్పలేదు.

"నాన్న ఉన్నప్పుడే. గొంతుని గడులు గడులుగా విడగొట్టి లెక్క వేస్తాం. మొదట పెద్ద గడులతో వేశాను. ఆయన ఎక్కువ రోజులు లాగలేరని వచ్చింది. కానీ పెద్ద గడుల లెక్క నమ్మకూడదమ్మా. గడులు చిన్నవి చేసి, మళ్ళీ అదే జవాబొస్తేనే నమ్మాలి. మాకు నేర్పిందే అది. అందుకే రెండో లెక్క పెట్టాను. అది నడుస్తుండగానే..."

"ఏమొచ్చింది అందులో?"

"అదే."

తల్లి గొంతు పెంచలేదు. "పక్క గదిలో మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నీకు కళ్ళు చాల్లేదా? గడులు కావాల్సొచ్చాయా?"

"తప్పయితే నిన్ను ఊరికే భయపెట్టినట్టవుతుందని..."

"భయపెట్టాల్సింది! జుట్టు పట్టుకుని లేపి భయపెట్టాల్సింది! నీ లెక్క తప్పు కాకూడదని కూర్చున్నావు. ఆయన పోయాడు, నీ లెక్క ఒప్పయింది. వేస్తార్లే మార్కులు. చెరిపెయ్ దాన్ని."

కూతురు ముఖం తెల్లబోయింది. తర్వాత ఆమె నోట వచ్చిన మాట ఆమె అనాలనుకున్నది కాదు.

"నువ్వు ఆయన పక్కనే పడుకున్నావుగా. నీకు గడులు కూడా అక్కర్లేదు. నువ్వెందుకు డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు?"

తల్లి మంచం అంచున కూలబడింది.

"గురక అనుకున్నానే. మాట పోయినా గురక పోలేదు మీకు అని విసుక్కుని, అటు తిరిగి పడుకున్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే."

కూతురు కుర్చీ దిగి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు. ఇద్దరూ ఏడ్చారు, ఒకరి చెయ్యి ఒకరు నొప్పి పుట్టేలా పట్టుకుని.

కాసేపటికి కూతురు లేచి, బొమ్మ చెరిపెయ్యడానికి చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి ఆపింది.

"ఉండు. కదులుతుందా అది?"

కూతురు నడిపించింది. నీలం దారాల్లా గాలి నోట్లోంచి లోపలికి దిగింది. మలుపు తిరిగి, సన్నటి చోట గుమిగూడి, ఎర్రబడి, ఎలాగో దాటుకుని ఛాతీ వైపు వెళ్ళింది. చూస్తున్నంతసేపూ తల్లి తన ఊపిరి బిగబట్టే ఉంది. బొమ్మ ఆగిపోయింది.

"మరి వదిలేది?"

"ఇప్పటిదాకా పీల్చడం వరకే చేశానమ్మా."

ఊపిరి వదిలే లెక్క ఇంకా మొదలుపెట్టలేదు.