హన్నా పడుకునే వేళ

"ఏమండీ, పైన ఎద్దులబండి ఏమన్నా తోలుతున్నారా?"

కృప తలుపు తీసేసరికి ఎదురుగా ఒక యువకుడు. ఎర్రబడ్డ కళ్లు, రేగిన జుట్టు, తిరగేసి తొడుక్కున్న బనీను. కింది వాటాలో కొత్తగా దిగిన జయపాల్. కొండపల్లి అవతల థర్మల్ కరెంటు కేంద్రంలో పని. నైట్ షిఫ్ట్ ఉన్న వారం సాయంత్రాలు ఓ కునుకు తీసి డ్యూటీకి వెళ్తాడని ఇంటి ఓనరు పద్మావతమ్మగారు చెప్పగా విన్నది.

"ఎద్దులబండి కాదండీ. మా అక్క కూతురు" అంది కృప. లోపల మంచం మీంచి దబ్బుమని దూకిన చప్పుడు.

"కాస్త పడుకోబెట్టొచ్చు కదండీ!"

ఆ మాట ఇప్పటికే గుణదలలో సగంమంది అనేశారు. కృపకు ఒళ్లు మండిపోయింది. పగలంతా కాలేజీలో లెక్కల పాఠాలు, ఇంటికొస్తే ఏడేళ్ల హన్నా. అక్క ఎలిజబెత్ ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. బావ లారీ మీద వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

"మీరు పడుకోబెడతారా? రండి, దయచేయండి!" అంటూ తలుపు బార్లా తీసింది.

జయపాల్ రోషానికి పోయి లోపలికొచ్చాడు. చాప మీద నడుం వాల్చి, "పాపా, కళ్లు మూసుకో. ఏనుగు కథ చెప్తా" అని మొదలెట్టాడు.

కృప వంటింట్లోంచి వచ్చి చూస్తే అతను గురక పెడుతున్నాడు. హన్నా అతనికి దుప్పటి కప్పి, పెదాల మీద వేలుంచుకుని, "ష్! పిన్నీ, అంకుల్ లేస్తారు" అంది.

కృపకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మెలకువ వచ్చాక అతను సిగ్గుతో చచ్చిపోయాడు. "సారీ అండీ. రోజూ ఇంతేనా?"

"ఇంతే. ఏడీహెచ్‌డీ అండీ. మొండితనం కాదు, గారం ఎక్కువై కాదు. ఒళ్లు అలిసిపోయినా దాని బుర్ర ఆగదు. నిద్ర చాలకపోతే పొద్దున బళ్లో ఇంకా గంతులు. డాక్టరుగారు చెప్పినట్టే చేస్తున్నా. చీకటి పడేలోపు ఆటలు, తర్వాత టీవీ, ఫోన్ బంద్. స్నానం, అన్నం, కథ... రోజూ అదే వరస. కాస్త కుదురుకోగానే ఎవరో ఒకరు వచ్చి చెడగొడతారు."

"అంత బుద్ధిలేనివాళ్లు ఎవరండీ?" అన్నాడు జాలిగా.

మొదట్లో బాగానే సాయపడ్డాడు. షిఫ్ట్ లేని సాయంత్రాలు హన్నాను కాలువగట్టుకు తీసుకెళ్లి సైకిల్ తొక్కించాడు. గదిలో ట్యూబ్‌లైటు తీసేసి పచ్చటి చిన్న బల్బు పెట్టాడు. పిల్ల తొందరగా కళ్లు మూస్తోంది. కృప పేపర్లు దిద్దుకుంటూ మాటిమాటికీ మెట్ల వైపు చూస్తోంది. డ్యూటీకి బయల్దేరుతూ అక్క అడిగితే, "దోమలొస్తున్నాయేమోనని" అంది.

ఒక రాత్రి వచ్చాడు జయపాల్, సరిగ్గా పడుకునే వేళకి, చేతిలో పోలీసు కారుతో. ఎర్ర లైటు, నీలి లైటు, పైగా కుయ్యోమని సైరన్! మగతలో ఉన్న హన్నా ఒక్క ఉదుటున లేచింది. ఇక ఇల్లంతా స్టేషనే. కింద ఓనరుగారి గుమ్మం దాకా వినపడింది.

"ముచ్చటపడుతుందని తెచ్చానండీ..."

"ముచ్చట మీది, జాగారం మాది! మిమ్మల్ని ఎవరు సాయం చేయమన్నారండీ? ముందు కిందికి దిగండి!"

మర్నాడు హన్నా బళ్లో బల్ల మీదే పడి నిద్రపోయింది. ఆ సాయంత్రమే పద్మావతమ్మగారు పైకొచ్చి, నెలాఖరుకి ఇల్లు చూసుకోమ్మా అనేసింది. కొత్త ఇల్లంటే పిల్లకి మళ్లీ కొత్త గది, మొదటికొచ్చిన నిద్ర. కృప ఆ రాత్రి ఏడ్చింది. జయపాల్ మళ్లీ కనిపించలేదు. రానందుకు అతని మీద ఇంకా కోపం వచ్చింది.

రెండ్రోజులకి కాలేజీ నుంచి వస్తూ గేటు తీస్తుంటే, ఓనరుగారి వరండాలోంచి అతని గొంతు.

"ఆ కారు తెచ్చింది నేనండీ. తప్పు నాది. వాళ్లని ఖాళీ చేయమంటే నేనూ చేసేస్తా."

"బాగుందయ్యా! నీకూ వాళ్లకీ ఏంటి సంబంధం?"

"ఇప్పటికేం లేదండీ. కలుపుకుందామనే అనుకుంటున్నా. కృపగారు ఒప్పుకుంటే."

కృప చేతిలో పుస్తకాలు ధడాలున పడ్డాయి. అతను తిరిగి చూసి బిగుసుకుపోయాడు.

"నాతో అనాల్సిన మాట ఓనరుగారితో అంటారా?"

"మీరు తలుపు తీస్తే కదండీ! రెండు రోజులూ వచ్చాను."

"ఎప్పుడు తట్టారు?"

"తట్టానండీ... పాప నిద్రపోతోందేమోనని గట్టిగా తట్టలేదు."

కృప చూపు తిప్పుకుంది. చెంపలు వేడెక్కాయి.

"ఆ గోల నడినెత్తిన మోసేవాడికే లేని నొప్పి నాకెందుకు? అందరూ ఇక్కడే ఉండండి" అంది పద్మావతమ్మగారు, నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్లిపోతూ.

జయపాల్ వంగి పుస్తకాలు ఏరి ఇచ్చాడు. "కృపగారూ, మరి...?"

"ఆదివారం అక్కకి డ్యూటీ లేదు. మీ అమ్మగార్ని తీసుకురండి" అంది కృప. విసుగు ఎంత తెచ్చిపెట్టుకున్నా పెదాలు మాట వినడం లేదు. "కానీ చెప్తున్నా, పడుకునే వేళకి వస్తే మాత్రం తలుపు తీయను."

"మిట్టమధ్యాహ్నమే దిగుతామండీ!"