గంటకు జవాబు

ఇంజన్లు పీకేసిన ఓడలో ఇంజన్ మెకానిక్‌కి ఏం పని ఉంటుంది చెప్పండి? బఠానీల సూపు కలపడం, ఫిరంగి గుండ్లు మోయడం. పాపం, మెకానిక్ ఒన్నో గతి అంతే అయింది. ముసలి యుద్ధనౌకను విమానాల్ని కూల్చే ఫిరంగులతో నింపి, జర్మనీ రేవు ముఖద్వారంలో గొలుసులేసి కట్టేశారు. కాస్త ముందుకెళితే తమవాళ్లే నీళ్లలో పరిచిన మందుపాతరలు. బదిలీ అడిగినప్పుడల్లా కెప్టెన్ది ఒకటే మాట: "చూద్దాంలే!"

ఆ మధ్యాహ్నం పొగమంచు చెయ్యి చాస్తే చెయ్యి కనబడనంత పట్టింది. ఓడ అడుగునుంచి ట్రింగ్... ట్రింగ్...

"మళ్లీ మోగుతోందిరా ఫొక్కో!"

"మోగేది నీ చెవుల్లో, బాబాయ్! ఆజ్ఞలు పంపే యంత్రం పీకేసి, అక్కడే కదా నా ఫిరంగిని కూర్చోబెట్టారు!" అని నవ్వాడు ఆ గన్నర్ కుర్రాడు.

నిజమే. పైన కెప్టెన్ మీట తిప్పితే కింద గంట మోగాలి. కిందివాడు తన మీటను అదే గుర్తు మీదికి తిప్పి జవాబిస్తేనే అది ఆగుతుంది. ఇప్పుడు పైన మీటే లేదు. గంట మాత్రం వారంగా ఒన్నో ప్రాణం తోడేస్తోంది. చెబితే నవ్వులు!

విసుగు నెత్తికెక్కి లాంతరు పట్టుకుని దిగాడు. చెమ్మ, తుప్పు వాసన. ఇంజన్ల చోట ఉత్త సిమెంటు దిబ్బ. గోడమీద ఆ ఆజ్ఞల యంత్రపు కింది సగం, దాని ఇత్తడి పళ్లెంలో ముల్లు 'ముందుకు, పూర్తి వేగం' దగ్గర వణుకుతోంది.

"ఇదిగో, చావు!" అని మీటను అక్కడికే లాగాడు. ముప్పయ్యేళ్ల చేతి అలవాటు మరి.

గంట ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు... కాళ్లకింది రేకు అదిరింది. చీకట్లో పార బొగ్గును గీరింది. చర్... చర్...

పైన గొలుసు ఫట్‌మంది. ఇంకోటి...

మాటల గొట్టంలోంచి ఫొక్కో అరుపు: "బాబాయ్! ఓడ కదిలింది! మందుపాతరల మీదికే పోతోంది... ఆపు!"

ఒన్నో మీటను 'ఆగు' మీదికి తోశాడు. అది వెనక్కొచ్చింది. తోశాడు. వెనక్కొచ్చింది...

పార చప్పుడు వచ్చే చీకట్లోంచి ఎవరో దగ్గారు. మెల్లగా, మర్యాదగా అన్నారు:

"ఆజ్ఞ పైనుంచి రావాలండీ."

"పైన ఆ యంత్రం లేదయ్యా... ఎప్పుడో పీకేశారు!"

పార ఆగింది. ఒక్క క్షణం.

"అయితే... ఇప్పుడీ ఆజ్ఞ పంపిందెవరండీ?"