ఎవరి కంచం వాళ్లది

అత్తగారు పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు కోడలు మళ్లీ వంట మొదలుపెట్టింది. వంటంటే ఆమెకి ప్రాణం. తాలింపు చిటపటలాడుతుంటే లోకమే గుర్తుండదు. గిన్నెలు మాత్రం ఇన్నేళ్లూ అత్తగారే తోమారు. తోముతూ తోముతూ, "రేపు ముక్కలు ఇంకాస్త సన్నగా తరుగమ్మా" అనేవారు. తోమే మనిషికి వంట మీద పెత్తనమేమిటని కోడలు లోలోపల మండిపడేది.

ఇప్పుడు ఆ గిన్నెలు ఆమె మెడకు చుట్టుకున్నాయి. వారం తిరక్కుండానే ఓపిక నశించింది.

"నేనే వండి నేనే తోమాలా? ఇకనుంచి ఎవరి కంచం వాళ్లు కడుక్కోండి!" అంది భర్తతో, మామగారికి వినపడేలాగే.

ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన మామగారు ఆ పూట నుంచే తన కంచం తనే కడిగి బోర్లించసాగారు.

"మీ నాన్నగారిని చూసి నేర్చుకోండి" అని భర్తను దెప్పేది.

"బస్సు తోలొచ్చి కంచం కూడా తోమాలా తల్లీ!" అని గొణిగేవాడతను.

కొన్నాళ్లకి ఒక ఉదయం చెత్త పారేయబోతుంటే సంచి అడుగు చిరిగి, ఒక పొట్లం మెట్ల మీద విప్పుకుంది. రాత్రి వడ్డించిన అన్నం, కూర, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పొట్లం మాత్రం గడియారపు చిన్న చిన్న మరలు చుట్టినంత పొందిగ్గా మడిచి ఉంది. ఆ చేతులెవరివో ఆమెకి తెలుసు.

"నా వంట అంత రోతపుట్టిందా మామయ్యా? నచ్చకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా! ఈ దొంగచాటు వ్యవహారమేంటి?"

"నువ్వాగు" అన్నాడు భర్త. "నాన్నా, ఇలా తిరుగు. ఎంత చిక్కిపోయావు! చొక్కా కొక్కేనికి తగిలించినట్టుందే!"

మామగారు తల దించుకున్నారు. "నీ వంటకేం తల్లీ, బంగారం. దవడపళ్లు కదిలిపోయాయి. నమల్లేకపోతున్నాను."

"మరి చెప్పరేం?"

"మీ అత్తయ్య ఉండగా చెప్పే పనే పడలేదు. కంచంలో ఏం మిగిలిందో చూసేది. మర్నాటికి కూర మెత్తగా వచ్చేది. ఇప్పుడు నీకు తోమడమే భారమైపోయింది. ఇంకా ఏం చెప్పను?"

సన్నగా తరగమనడం, ఇంకాస్త ఉడకనివ్వమనడం, అత్తగారి మాటలన్నీ ఒక్కొక్కటే కోడలి చెవిలో మోగాయి. వాటిని వంకలనుకుంది ఇన్నాళ్లూ. గోడకి చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం అన్నం మెత్తగా చిదిమి, కూర మెదిపి పెట్టింది. ఆయన ఆత్రంగా తిన్నారు. కంచం తీసుకుని లేవబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"అక్కడే ఉంచండి మామయ్యా. అది నేను చూడాలి."

"తోమడమంటే నీకు చిరాకు కదమ్మా."

"చిరాకే. అయినా ఉంచండి."

నెల గడిచినా, పళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం ఆయన్ని ఇంకా ఎవరూ తీసుకెళ్లలేదు.