ఏనుగు చెవిలో చెప్పిన మాట

నీలకోట రాజ్యం మీదుగా మబ్బులు తేలిపోవడమే గాని, ఆగి ఒక్క చినుకు రాల్చింది లేదు. ఎండిన చెరువుల్లో పశువులు మేస్తున్నాయి. రైతులు నాగళ్ళను అటకెక్కించి, చెదలు పట్టాయేమోనని అప్పుడప్పుడూ దించి చూసుకుంటున్నారు. పూర్వం ఇలా ఉండేది కాదు. ఏరువాక నాడు రాజుగారి పట్టపుటేనుగు గున్నమ్మ కోట గుట్ట ఎక్కి ఘీంకరించేది. ఆ పిలుపు విని ఎక్కడెక్కడి మబ్బులూ పరుగెత్తుకొచ్చేవి. గున్నమ్మ అన్నది పిల్లప్పుడు పెట్టిన పేరు. కొండంత పెరిగాక కూడా మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడా గున్నమ్మ లేదు. ఎందుకు లేదో ఊరందరికీ తెలుసు, కాకపోతే ఊరందరికీ తెలిసింది తప్పు. నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు రాజు వీరకేతుడి ఒక్కగానొక్క కూతురు కనకాంగి. రెండోది మావటి గవరయ్య కూతురు పోలి. పోలి తల్లి పాలు తాగే ఇద్దరూ పెరిగారు. అన్నం తిన్నా, అల్లరి చేసినా, దెబ్బలు తిన్నా కలిసే.

మావటుల ఇళ్ళలో పిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పే సంగతి ఒకటుంది. ఏనుగు చెవిలో అబద్ధం చెప్పకూడదు. చెబితే అది నమ్ముతుంది. పోలి ఆ సంగతి కనకాంగికీ నేర్పింది.

అయినా ఒకనాడు కనకాంగికి యక్షుడి కొలనులో బంగారు తామరలు చూడాలని బుద్ధి పుట్టింది. ఆ నీళ్ళలో ఏనుగులు కాలు పెట్టకూడదని పోలి ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. పోలి మేత తేవడానికి వెళ్ళిన సమయం చూసి, గున్నమ్మ మెడ మీదికెక్కి, కుడిచెవిలో "పోలి నిన్ను కొలను దగ్గరికి రమ్మంది" అంది. గున్నమ్మ నమ్మింది, వెళ్ళింది. నీళ్ళలో కాలు పెట్టగానే నల్లరాయి అయిపోయింది. కనకాంగి దాని మెడ మీంచి జారి ఒడ్డున పడింది. యక్షుడు మండిపడి, కొలనుతో సహా రాతి ఏనుగును ఎత్తుకుని పడమటి కొండల్లోకి వెళ్ళిపోయాడు.

"ఎవరు చేశారీ పని?" అని సభలో రాజు గర్జించాడు. పట్టపుటేనుగుకు కీడు చేసినవారు ఎంతటివారైనా సరే, శిక్ష దేశబహిష్కారమే. కనకాంగి గడగడ వణుకుతోంది. పోలి ఆమె వైపు ఒకసారి చూసి, "నేనే మహాప్రభూ" అంది.

కనకాంగి అప్పుడు నోరు విప్పవచ్చు. విప్పలేదు. తన కాలి అందెలు చూసుకుంటూ నిలబడిపోయింది.

పోలిని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఏళ్ళు గడిచాయి. కనకాంగికి యువరాణి పట్టాభిషేకం నిశ్చయమైంది. ఆనవాయితీ ప్రకారం ముహూర్తం పెట్టిన రోజున మొదటి దండ మావటి వేయాలి. కొలువు పోయి గడ్డిమోపులు అమ్ముకుంటున్న గవరయ్య మాసిన తలగుడ్డతో వచ్చాడు.

"మా పిల్ల చేసిన పనికి దేశం ఎండిపోయింది తల్లీ. అది మనసులో పెట్టుకోకు. నువ్వు చల్లగా ఉండాల" అని దండ వేసి, ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాడు.

కనకాంగి వెనక్కి గెంతింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. మర్నాడు తెల్లవారుతూండగా బెల్లంముద్ద, దువ్వెన మూటగట్టుకుని, చెప్పాపెట్టకుండా గున్నమ్మను వెతుక్కుంటూ పడమటి దారి పట్టింది. అడవికి వెళ్ళేవాళ్ళు కత్తి పట్టుకెళ్తారు గాని దువ్వెనేమిటని నవ్వకండి. కత్తి పట్టుకెళ్ళి ఉంటే మన కథ మొదటి మలుపులోనే ముగిసేది.

ఆ మలుపులో ఒక రాక్షసి కూర్చుని ఉంది. ఆమె జుట్టు చెట్లకూ పుట్టలకూ చుట్టుకుని దారంతా మూసేసింది. తల కదిలించినప్పుడల్లా "అబ్బా" అంటూ భోరుమంటోంది.

"ఎవతెవే? తినేస్తాను!" అంది, ఏడుపు ఆపకుండానే.

"తిందువుగాని. ముందు చిక్కు తీయనా?" అంది కనకాంగి, దువ్వెన తీస్తూ.

చివర్ల నుంచి మొదలుపెట్టి, కుదుళ్ళు చేత్తో పట్టుకుని, నెమ్మదిగా పైకి దువ్వింది. చిన్నప్పుడు పోలి తనకు రోజూ అలాగే దువ్వేది. పోలి తల తను ఎన్నడూ దువ్వలేదని అప్పుడు గుర్తొచ్చి, సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. చిక్కు వీడి దారి తెరుచుకునేసరికి రాక్షసి ఒళ్ళు తెలియకుండా గుర్రుపెడుతోంది.

అడవి దాటితే నది. నదిలో ఒక ముసలి మొసలి.

"అవతలికి దాటిస్తాను. నీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైనది నాకివ్వాలి" అంది మొసలి.

కనకాంగి రత్నాల హారం తీసిచ్చి, మూట నెత్తిన పెట్టుకుని వీపు మీద కూర్చుంది. నది మధ్యకు వచ్చేసరికి మొసలి మునగసాగింది. "ఇది కాదు! ఇంకేదో దాచావు. త్వరగా తియ్యి, నాకే ఊపిరాడటం లేదు!" అని అరిచింది.

నీళ్ళు గొంతుదాకా వచ్చాయి. కనకాంగి కళ్ళు గట్టిగా మూసుకుని, "గున్నమ్మను నేనే మోసం చేశాను! నిందేమో పోలి మోసింది!" అనేసింది. మొసలి బెండులా పైకి తేలింది.

"హమ్మయ్య" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఒడ్డుకు చేర్చాక మొసలి హారం తిరిగి ఇచ్చేస్తూ, "నాకు చెప్పడం తేలికే పిల్లా. నేను నీకేమవుతాను గనక?" అని నీళ్ళలోకి జారిపోయింది.

కొండల నడుమ కొలను కనబడింది. కొలనులో రాతి గున్నమ్మ, దాని పక్కన కడవతో నీళ్ళు పోసి కడుగుతూ ఒక పడుచుపిల్ల. ఎండకు కమిలిపోయినా, కనకాంగి పోల్చుకుంది. పోలి కూడా పోల్చుకుంది. కడవ కింద పెట్టి చేతులు జోడించింది.

"దండాలు రాకుమారీ. తమరింత దూరం ఎందుకొచ్చారు?"

ఒకప్పుడు ఏమే, ఒసే అని పిలిచిన నోటితో పోలి అలా అనేసరికి కనకాంగికి ప్రాణం చివుక్కుమంది. ఆమె తిన్నగా కొలనులోకి దిగి, రాతి తొండం పట్టుకుని ఎక్కి, కుడిచెవిలో చెప్పింది. "గున్నమ్మా, ఆవేళ పోలి నిన్ను రమ్మనలేదు. నేను అబద్ధమాడాను. తరవాత భయపడి నోరు మూసుకున్నాను."

కుడిచెవి మెత్తబడి, చేటలా ఒకసారి ఊగింది. అంతే. మిగతాదంతా రాయిగానే ఉంది.

తామరాకుల మధ్యనుంచి యక్షుడు తల పైకెత్తాడు. "రెండో చెవి సంగతేమిటి? పోలీ, దేశం విడిచి నువ్విక్కడికి వచ్చేనాటికి ఎడమచెవి మెత్తగానే ఉండేది. రోజూ దాన్లో ఏం చెప్పావు?"

"తప్పు నాదే, క్షమించవే అని చెప్పాను స్వామీ. మంచికే కదా!"

"మంచి అబద్ధమేదో చెడ్డ అబద్ధమేదో ఏనుగుకేం తెలుసమ్మా? దానికి నమ్మడమొక్కటే తెలుసు" అన్నాడు యక్షుడు.

పోలి ఏనుగెక్కి ఎడమచెవి రెండు చేతులతో పట్టుకుంది. మెల్లగా మొదలుపెట్టిందే గాని, గొంతు కొండలకు తగిలేదాకా పెరిగింది.

"నేను చెయ్యలేదే గున్నమ్మా! ఇది చేసింది! నన్ను గెంటేస్తుంటే, మా అయ్య తలపాగా ఊడదీస్తుంటే, అందెలు చూసుకుంటూ నిలబడింది. ఒక్కమాట అంటుందేమోనని కోట గుమ్మం దాటిందాకా వెనక్కి చూస్తానే ఉన్నా. దీనిమీద నాకు కోపం. ఇన్నేళ్ళూ కోపమే!"

"తిట్టవే, ఇంకా తిట్టు" అంది కనకాంగి ఏడుస్తూ. పోలి తిట్టింది. తిట్టి తిట్టి ఆమె మెడ కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్ళిద్దరూ కూర్చున్న రాయి వెచ్చబడింది, ఊపిరి పీల్చుకుంది, కదిలింది. తొండం పైకి పాకి మూట తడిమి బెల్లంముద్ద లాక్కుంది. గున్నమ్మ లేచింది!

తిరుగుదారిలో మొసలి వాళ్ళను చూసి నవ్వింది. రాక్షసి ఇంకా నిద్రలోనే ఉంది.

కోట గుమ్మం ముందు జనం విరగబడ్డారు. "ఆహా, తప్పు చేసినదాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది! మన రాకుమారిది ఎంత దయ!" అంటూ దండలు విసిరారు. వీరకేతుడు చేతులు చాచి ఎదురొచ్చాడు. ఇప్పుడూ ఊరుకుంటే చాలు, కిరీటం దానంతటదే నెత్తిన వాలుతుంది. కనకాంగి ఏనుగు దిగి, మొదట గవరయ్య ముందు మోకరిల్లి, అందరికీ వినబడేలా జరిగింది జరిగినట్టు చెప్పింది.

పూలు విసిరే చేతులు ఆగిపోయాయి. రాజు ముఖం పాలిపోయింది. గవరయ్య మాత్రం ఆ మాటలు సగమే విన్నాడు. "నా బిడ్డ చెయ్యలేదంట! చెయ్యలేదంట!" అంటూ పోలి చెంపలు నిమురుతున్నాడు.

రాజు తీర్పు చెప్పాడు. "చేయని తప్పుకు ఈ పిల్ల దేశం విడిచి అనుభవించింది. ఆ శిక్ష మరొకరికి వేయలేను. పోలీ, ఈరోజు నుంచి పట్టపు మావటివి నువ్వే. కనకాంగి నీ గజశాలలో పనిచేస్తుంది. యువరాణిగా పనికొస్తుందని నువ్వన్ననాడే పట్టాభిషేకం."

అప్పుడు గున్నమ్మ గుట్ట ఎక్కి ఘీంకరించింది. ఆ సాయంత్రానికే నీలకోటలో గొడుగు ఉన్నవాళ్ళు కూడా గొడుగు వేసుకోకుండా తడిశారు.

కనకాంగి లద్దె ఎత్తింది, మేత మోసింది, పోలి తల దువ్వింది. పోలి పని తక్కువేం చెప్పలేదు, నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే చెప్పింది. మళ్ళీ ఏరువాక వచ్చింది. రాజూ ప్రజలూ చూస్తూండగా పోలి గున్నమ్మ దగ్గరికెళ్ళి, చెవి పట్టుకుని, మెల్లగా ఒక మాట చెప్పింది.

"ఈ పిల్లను నమ్మొచ్చే."

గున్నమ్మ నమ్మింది. కనకాంగి ఎక్కడానికి వీలుగా ముందుకాళ్ళు వంచి కూర్చుంది.