జవాబిచ్చిన అడ్రసు

"టార్గెట్ లాజరు మాస్టారు. రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు. ఊరు రాజోలు."

"చేసిన తప్పు?" అడిగింది ఏజెంట్ సుగుణ.

"మర్యాద," అన్నాడు చీఫ్.

విదేశాల్లో కూర్చున్న ఒక ముఠా రోజూ లక్షల కొద్దీ జంక్ మెయిల్స్ వదులుతోంది. అందరూ డిలీట్ చేసి ఊరుకుంటారు. మాస్టారు మాత్రం ఒక్కోదానికీ జవాబు రాస్తారు: 'అయ్యా, తమరి లాటరీ నాకు వద్దండీ. తమరికి దేవుని దీవెనలు.' ఉత్తరానికి జవాబివ్వకపోవడం ఆయన పెరిగిన ఇంట్లో తప్పు. ఆ జవాబుల వల్లే, ఈ అడ్రసు వెనక ఒక మనిషున్నాడనీ, నమ్మే మనిషనీ ముఠాకి తెలిసిపోయింది.

"నర్సింగ్ పిల్లలకి ఆయన ఊరికే అప్లికేషన్లు నింపిపెడతారు. అరవై రెండు పాస్‌పోర్టు కాపీలు ఆ మెయిల్‌బాక్సులో ఉన్నాయి. ముఠా చేతికెళ్తే ఆ పిల్లల పేరు మీద ఏ దొంగపనైనా చేస్తారు. రేపు పదకొండుకి ఆ బాక్సు మీద ముఠా దాడి. మన ఇన్ఫార్మర్ పింకీ ఆయనకి సాయంగా ఆ ఇంట్లోనే ఉంటుంది. గో."

మర్నాడు పదిన్నరకి వాటర్ ఫిల్టర్ సర్వీసు యూనిఫాంలో సుగుణ మాస్టారి తలుపు కొట్టింది. బ్యాగులో స్పానరు, ఫిల్టర్ క్యాండిల్. క్యాండిల్ లోపల సిగ్నల్ జామర్; మూత తిప్పితే చుట్టుపక్కల ఫోన్లు పనిచెయ్యవు.

తలుపు తీసింది పింకీ. ఎర్రటి లిప్‌స్టిక్, నెత్తి మీద నల్లకళ్లద్దాలు.

"క్యాండిల్ మార్చాలాండీ?"

"పోయిన ఆదివారమే కడిగేమండీ."

కోడ్ సరిపోయింది.

"ఎవరమ్మా? ఎండనపడి వచ్చేరు, ముందు మజ్జిగియ్యి," లోపల్నించి మాస్టారి గొంతు.

వంటింట్లో ఫిల్టరు విప్పుతూ సుగుణ చెవి అటే పెట్టింది. 10:57. ఫోన్ మోగింది.

"ఆయ్, చెప్పండి సార్. మెయిల్ కంపెనీ నుంచాండీ? బాక్సు మూసేస్తారా? అయ్యయ్యో, అందులో పిల్లల కాగితాలున్నాయండీ!"

"ఓటీపీ నంబరొచ్చింది మాస్టారూ, చదివెయ్యండి," అంది పింకీ మెత్తగా.

సుగుణ చేతిలో స్పానరు ఆగిపోయింది. ఆపాల్సిన మనిషే చదవమంటోంది!

"నాలుగు... ఏడు... ఒకటి..."

క్యాండిల్ మూత తిప్పింది. కదల్లేదు.

"తొమ్మిది... సున్నా..."

పళ్లతో పట్టి తిప్పింది.

"ఆఖరిదండీ... హలో? హలో సార్? లైన్ పోయిందమ్మా!"

ఆ నంబరు గడువు దాటేదాకా ఆగి, సుగుణ జామర్ ఆపింది. గుర్తింపు కార్డు చూపించి, పాస్‌వర్డ్ మార్పించింది. పింకీ పారిపోలేదు.

"రెండు వైపులా పనిచేస్తున్నావన్నమాట."

"నా సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్నాయక్కా. నా పేరు మీద ఏమేం చేస్తున్నారో నాకే తెలీదు. మీకు ఇన్ఫార్మర్ని కాకముందే మీ ఆఫీసుకి మూడుసార్లు మెయిల్ పెట్టేను. ఒక్కరూ పలకలేదు. వాళ్లకి పెడితే నిమిషంలో పలికేరు. చెప్పినట్టు చేస్తే తిరిగిచ్చేస్తామన్నారు."

సుగుణ మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, ఎవరో తెలియని మెయిల్‌కి జవాబివ్వకండి. అందులో లింకు నొక్కకండి. ఫోన్లో నంబరడిగాడంటే వాడు దొంగే."

"ఆయ్," అన్నారాయన. పింకీ వైపు చెయ్యి చూపించారు. "మూడుసార్లు రాసిందంటమ్మా ఈ పిల్ల. ఈ పాఠం మీవాళ్లకి ముందే వచ్చన్నమాట."

పింకీని జీపెక్కించాక సుగుణ చీఫ్‌కి ఫోన్ చేసింది.

"మిషన్ సక్సెస్. చీఫ్, పింకీ కంప్లయింట్లేమయ్యాయి?"

అవతల కీబోర్డు టకటకలాడింది.

"దొరికాయి. మూడూ జంక్‌లో ఉన్నాయి," అన్నాడు చీఫ్. "అప్పటికి తెలియని అడ్రసు కదా సుగుణా. మనం జాగ్రత్తగా ఉంటాం."