తువ్వాలు కింద బేరం

మంచుపొగ తగ్గాక సంతాన కేంద్రం డాక్టర్ హైమ, పిండాలు దాచే శీతకోశం తలుపు మూసి, తూనిక అనే యంత్రం ముందు కూర్చుంది. ఆ రోజు ఎవరి గర్భంలో ఎన్ని పిండాలు పెట్టాలో తూనిక అప్పటికే తేల్చేసింది. దాని అంకెను కాదన్నవాళ్లు ఇంతవరకూ లేరు. లాభనష్టాలను అంత నిక్కచ్చిగా తూచే యంత్రంతో ఎవరు బేరమాడతారు?

తొలి జంట విజ్జమ్మ, మాల్యాద్రి. అతను ఒంగోలు సంతల్లో ఎడ్ల బేరగాడు. వాళ్లకు మిగిలినవి రెండే పిండాలు, అవకాశం ఈ ఒక్క విడతే. తూనిక రెండూ పెట్టమంది. రెండూ పెడితే ఒడి నిండే ఆశ పెరుగుతుంది. కవలలైతే, మరమ్మతు చేసిన విజ్జమ్మ గుండె తట్టుకోకపోవచ్చు. ఒకటే పెడితే ఆమె ప్రాణానికి భయం తక్కువ, ఒడి మాత్రం ఖాళీగా మిగలొచ్చు.

మీరేమంటారని అడగడం నియమం గనక హైమ అడిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకటి చాలంటే బిడ్డకన్నా తన ప్రాణమే ఎక్కువైందంటారని విజ్జమ్మ జంకు. రెండంటే భార్యను బలిపెట్టినట్టు, ఒకటంటే ఆమె ఆశ తుంచినట్టు అని అతని జంకు. పైగా ఆ గదిలో పలికిన ప్రతి మాటనూ, మణికట్టు పట్టీ కింద కొట్టుకున్న ప్రతి నాడినీ తూనిక సమ్మతిరేఖగా గీస్తుంది. ఎవరు అడిగారో, ఎవరు లొంగారో అందులో ఎప్పటికీ చెరగదు.

మాల్యాద్రి తన పట్టీ విప్పాడు, ఆమెదీ విప్పాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"సంతలో ఇట్టానే మేడమ్. వేళ్లతోనే బేరం. పక్కనోడికి తెలీదు, నోరు జారేది ఉండదు."

"కడాకి నన్ను గూడా ఎద్దును చేశాడు," అంది విజ్జమ్మ. చెయ్యి మాత్రం తీయలేదు.

తువ్వాలు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఈ గదిలో భార్యనో భర్తనో బతిమాలినవాళ్లను, దబాయించినవాళ్లను హైమ చాలామందిని చూసింది. ఎదుటిమనిషి పరువు దక్కించి ఇంత పెద్ద బేరం కుదుర్చుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తోంది.

"ఒకటి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తూనిక ఒప్పుకోలేదు. ప్రతిపాదించింది ఎవరు, తగ్గింది ఎవరు అని తెర మీద అడిగింది. ఆ జవాబు గడి నిండితే తప్ప పిండాన్ని వదలదు.

"అది చెప్తే బేరం చెడిపోద్ది మేడమ్," అన్నాడు మాల్యాద్రి.

హైమ లేచింది. తూనికతో పనిలేకుండా శీతకోశాన్ని తెరిచే, ఎవరూ ముట్టని చేతిమీటను పట్టుకుని కిందికి లాగింది. ఒక్క పిండమున్న నాళిక పైకొచ్చింది. తెర మీద గడి ఖాళీగా మెరుస్తూనే ఉంది.

పని ముగిసి వెళ్లేటప్పుడు విజ్జమ్మ తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది. "ఇది ఇక్కడ ఉండనీమ్మా. మా బేరం అయిపోయింది."

గాజు తలుపు అవతలినుంచి అంతా చూసిన రెండో జంట లోపలికొచ్చింది. తూనిక వాళ్ల అంకె చెప్పింది. భర్త తెర వైపు తల తిప్పాడు. భార్య అప్పటికే మణికట్టు పట్టీ విప్పుతోంది.