మూడో టిక్కు

మా ఆపరేషన్ థియేటర్‌కి కిటికీలు లేవు. లోపలికెళ్తే బయట ఎండో వానో తెలీదు. స్పిరిట్ వాసన, చల్లటి గాలి, మాస్కుల పైన కళ్ళు... అంతే. నాకా కళ్ళే ఇష్టం. మూతులు కనబడవు కదా, అందరూ అందంగానే ఉంటారు.

ఈమధ్య ఒకాయన బల్ల మీదే పోయాడు. పోతున్న మనిషి మీదుగానే పెద్ద డాక్టరు గారూ, చిన్న డాక్టరు గారూ అరుచుకున్నారు. మర్నాటి నుంచీ పెద్దాయన కొత్త ఆజ్ఞ వేశారు. "లోపల ఎవరి గొంతూ వినపడకూడదు. చెయ్యి చాస్తే క్లాంపు పడాలి. తలెత్తకు, అడక్కు." పనిముట్లు అందించే నర్సుని కాబట్టి ఆ ఆజ్ఞ ముఖ్యంగా నాకే. ఆయన వేళ్ళు వణుకుతున్నాయని నాకొక్కదానికే తెలుసు.

క్లాంపంటే రక్తనాళాన్ని పట్టి ఉంచే కత్తెరలాంటిది. మూడు టిక్కుల్లో బిగుస్తుంది. మొదటిది పట్టు. రెండోది బిగువు. మూడోది పడిందంటే చుక్క రక్తం కూడా అవతలికి పోదు.

వారం తర్వాత ఓ సాయంత్రం వచ్చిన పిల్లకి పొట్టలో గడ్డ. నాకంటే ఓ రెండేళ్ళు చిన్నదేమో. గోళ్ళరంగు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, లేస్తాను కదా?"

"లేవక? మళ్ళీ రంగేసుకోవద్దూ?"

"ఒట్టు?"

ఆ కళ్ళు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. "ఒట్టే తల్లీ. నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు," అన్నాను.

మత్తు డాక్టరు గారు సూది ఎత్తుతూ, "అలా పంచిపెట్టకమ్మా, కాస్త దాచుకో," అని గొణిగారు. ఆ వారంలో మొదటిసారి అందరి కళ్ళూ నవ్వాయి.

మొదట్లో అంతా బాగానే సాగింది. తర్వాత ఎక్కడో నాళం తెగింది. రక్తం ఊటలా ఉబికి వచ్చింది. పీల్చే గొట్టం గుడగుడమంటోంది. పచ్చి ఇనుము వాసన. గుండె మిషన్ కూత ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి...



పెద్దాయన చెయ్యి చాచారు. ఇచ్చాను. మళ్ళీ చాచారు. ఇచ్చాను. కూత ఇంకా నెమ్మదించింది.

నా ఎడమ పక్కనుంచి ఇంకో అరిచెయ్యి చాచుకుంది. గ్లవుజు వేసిన చెయ్యే. తడిగా ఉంది.

తలెత్తకుండా క్లాంపు అందులో పెట్టాను. రెండు గ్లవుజుల్లోంచీ చలి నా ఎముకకి తగిలింది.

టిక్.

చాలా దగ్గర్లో.

రక్తం ఆగింది. అప్పుడు తలెత్తాను. పెద్దాయన రెండు చేతులూ పొట్టలోనే ఉన్నాయి. చిన్నాయనవి కూడా. మత్తు డాక్టరు గారు తల దగ్గర గాలి తిత్తి నొక్కుతున్నారు. నా ఎడమ పక్కన... గోడ.

కుట్లు పూర్తయ్యాక పెద్దాయనే చిన్నాయన వైపు తిరిగి నోరు విప్పారు. "నాళం పట్టింది నువ్వేనా?"

"నేను కాదు సార్... మీరే కదా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పనిముట్లు లెక్కపెడితే ఒక క్లాంపు తక్కువ. బల్ల కింద వెతికాం, చెత్త తిరగేశాం. పిల్ల పొట్టకి ఎక్స్‌రే తీశారు. ఎముకలే తప్ప ఇనుము లేదు.

"లెక్క తప్పింది నేనేనని చెప్పు," అన్నారు పెద్దాయన నా చెవిలో. "దండం పెడతాను... అవునను."

అవునన్నాను.

పిల్లకి మెలకువ వస్తుంటే పక్కనే నిలబడ్డాను. పెదవులు కదిలాయి. వంగాను.

"అక్కా... ఆవిడ నీ మాట విందట..."

"ఎవరే? ఎవరు?"

మళ్ళీ నిద్రలోకి జారింది. తర్వాత అడిగితే అలా అన్నట్టే గుర్తులేదంది. ఎర్ర గోళ్ళతో, నవ్వుతూ ఇంటికెళ్ళింది. సంతోషమే వేసింది. నిజంగా.

నిన్న అమ్మ నాకు జడ వేస్తూ, రబ్బరు కోసం నా భుజం మీదుగా వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది. చెవి నా వీపుకి ఆనించింది.

"ఏమే, గడియారం గానీ మింగావా? లోపల టిక్కుమంది!"

నవ్వబోయాను. ఊపిరి సగంలోనే ఆగింది.

థియేటర్లో నేను విన్నది మొదటిది.

అమ్మ విన్నది రెండోది.